అవ్వ గొడుగు తెరిస్తే

ఎదురింటి అవ్వ పోయింది. మంత్రాలయానికి దగ్గర్లో, తుంగభద్ర ఒడ్డునున్న పల్లెలో తమ్ముడింటికి పూజ ఉందని వెళ్ళింది. అక్కడే నిద్రలో ప్రాణం విడిచిందని ఆ తమ్ముడు ఫోన్ చేశాడు. నేను అప్పుడు ఆదోని బస్సులో ఉన్నాను. "అక్క పోయింది సార్. మీ పాపకు మీరే చెప్పండి, నాకు నోరు రాదు" అన్నాడు. ఎవరైనా పోతే ఆ ఇంటి పెద్దవాళ్ళకు ఎట్లా చెప్పాలా అని వెనకాడతాం. ఆయన మాత్రం ఎదురింట్లో ఉండే ఎనిమిదేళ్ళ పిల్లకు చెప్పడానికి వెనకాడాడు.

సాయంత్రం పాపను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. ఏడవలేదు. ఎదురింటి తాళం వంక కాసేపు చూసి లోపలికి పోయింది. అన్నం తిన్నది, హోంవర్క్ చేసుకుంది, వేళకు పడుకుంది. మాట మాత్రం లేదు. మరునాడూ లేదు, ఆ మరునాడూ లేదు. మా ఆవిడా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ మౌనం మాకు కొత్తది కాదు. ఒకప్పుడు మా ఇంట్లో కాపురం పెట్టి పోయిందే. దాన్ని వెళ్ళగొట్టిన మనిషి ఇప్పుడు లేదు.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. ఇల్లు ఎమ్మిగనూరులో, ఉద్యోగం ఆదోనిలో. పాపకు ఐదేళ్ళు నిండగానే ఇంగ్లీషు బడిలో చేర్పించాం. తెలుగు పంతులు బిడ్డను ఇంగ్లీషు బడిలో వేశాడని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, ఫరవాలేదు. మా కాలేజీలో అందరూ నవ్వారు. వాళ్ళ పిల్లలూ అక్కడే చదువుతున్నారు.

పిల్లల నోట తెలుగు మాట వినబడితే తరగతి బయట నిలబెట్టడం ఆ బడి పద్ధతి. పాపకు తెలుగు మాట్లాడకూడదు, ఇంగ్లీషు రాదు. ఈ రెంటి మధ్య నలిగి, అసలు మాటే వద్దనుకున్నట్లుంది. మొదట బడిలో మానేసింది. తర్వాత ఇంట్లోనూ మానేసింది. నీళ్ళు కావాలంటే చెంబు చూపించేది. ఆదోనిలో డాక్టరు చూసి గొంతు బాగుంది, చెవులు బాగున్నాయి అన్నాడు. చుట్టాల్లో ఒకరు దిష్టి అన్నారు, ఒకరు తేనె నాకించమన్నారు, ఒకరు పీర్ల చావిడిలో తాయెత్తు కట్టించమన్నారు. దిష్టి తీశాం, తేనె నాకించాం, తాయెత్తు కట్టించాం. బడి కూడా మార్చాం. మాట రాలేదు. వీధిలో ఏ పిల్ల "నాన్నా" అని పిలిచినా నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. అంత అన్యాయంగా ఉండేది నా బతుకు.

అట్లాంటి రోజుల్లో అవ్వ ఎదురింట్లోకి వచ్చింది. ఆలూరు మొదలుకొని సి.బెళగల్ దాకా పల్లెల్లో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. వాళ్ళది గుడి సేవ చేసుకునే వంశం. ఇంట్లో కన్నడం, వాకిట్లో తెలుగు. సన్నగా, చురుగ్గా ఉండేది. ఎక్కడికి పోయినా చేతిలో కొంకి పిడి ఉన్న పాతకాలపు నల్ల గొడుగు ఉండాల్సిందే. మా సీమలో వానకు గొడుగు పట్టే భాగ్యం ఏడాదికి ఎన్నిసార్లు దక్కుతుంది గనక? ఎండకే.

వచ్చిన కొన్నాళ్ళకే ఆమె అరుగు మీద వీధి పిల్లలు చేరారు. ఏం చేస్తుందా అని ఒకరోజు నేనూ నిలబడి చూశాను. పిల్లలతో మామూలుగా తెలుగులో మాట్లాడుతూ, ఉన్నట్టుండి గొడుగు తెరిచింది. అంతే, ఆ మనిషి మారిపోయింది. "గుడ్ ఈవినింగ్! ఐ యామ్ వెరీ హంగ్రీ!" అని కడుపు పట్టుకుంది. పిల్లలు "ఆకలంట, ఆకలంట" అని నవ్వుతూ బొరుగులు తెచ్చి పెట్టారు. బొరుగులు ఎన్నడూ చూడనట్లు వేళ్ళతో పట్టి "వాట్ ఈజ్ దిస్?" అని అడిగింది. "బొరుగులు!" అని అరిచారు. "బొరుగులు? వెరీ నైస్! గివ్ మీ మోర్!" అని చెయ్యి చాపింది. కాసేపటికి ఒకడు రెండు చేతులూ చాపి "గివ్ మీ మోర్" అంటున్నాడు. గొడుగు మూసింది. "పొండప్పా, ఇండ్లకు పొండి, మీ అమ్మలు అరుస్తాండారు" అంది మళ్ళీ మామూలు అవ్వ.

పిల్లలకు ఆమె పెట్టిన నియమం ఒక్కటే. గొడుగు తెరిచి ఉన్నంతసేపు ఆమెను అవ్వ కాదనుకోవాలి, పేరు పెట్టి పిలవకూడదు. ఆ గొడుగమ్మకు తెలుగు రాదు, కన్నడం రాదు, ఇంగ్లీషు ఒక్కటే వచ్చు. ఈ ఆలోచన పగటి వేషగాళ్ళ నుంచి వచ్చిందట. "మా పల్లెకు వేషగాళ్ళు వచ్చినప్పుడు, వేషం తీసేదాకా ఎవురూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. పిలిచినా వాళ్ళు పలికేవాళ్ళు కాదు. ఇదీ అంతే" అని చెప్పింది. అయితే ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమం ఆమెకే. పిల్లలు తెలుగులో మాట్లాడొచ్చు, సైగలు చేయొచ్చు, బొమ్మ గీసి చూపించొచ్చు, ఊరికే కూడా ఉండొచ్చు.

నాకు పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? "తెలుగులో మాట్లాడనిస్తే వాళ్ళకు ఇంగ్లీషు ఎట్లా వస్తుందవ్వా?" అన్నాను.

"తలుపు మూసేసి లోపలికి రమ్మంటే ఎట్లొస్తారప్పా?" అంది.

ఇంకొకరోజు మిల్లు పనికి పోయే ఒక తల్లి దెబ్బలాటకు వచ్చింది. "ఏబీసీడీలు సెప్పవు, రాయించవు, ఆటలే ఆడిస్తాండావు. ఇదేం సదువవ్వా?" అని నిలదీసింది. అవ్వ కోప్పడలేదు. "నీ కొడుకు నిన్ను అమ్మా అని పిలిచేముందు అఆలు దిద్దినాడా?" అని అడిగింది. ఆ తల్లి "ఆడించుకో పో" అని నవ్వుతూ పోయింది.

ఇక ఆటల సంగతి. అవ్వ దగ్గర పాతకాలపు వామనగుంటల పీట ఉండేది. గుంటల్లో చింతగింజలు పోసి పిల్లలతో ఆడేది. ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, జన్మలో అబద్ధం ఆడని మనిషి, ఆ ఆటలో మాత్రం పచ్చి తొండి. అవతలివాళ్ళ గుంటలోంచి గింజలు నొక్కేసి, పిడికిలి బిగించి, ఏమీ ఎరగనట్లు తల పైకెత్తి గొడుగు ఊచల వంక చూసేది. పిల్లలకు ఒళ్ళు మండిపోయేది. తెలుగులో ఎంత అరిచినా గొడుగమ్మకు అర్థం కాదాయె! "వాట్? వాట్?" అంటుంది. చివరికి వాళ్ళే ఎక్కడో వెతికి పట్టుకొచ్చేవాళ్ళు: "నో! మై టర్న్!" "గివ్ బ్యాక్!" మా వీధిలో పిల్లలందరికీ మొదట వచ్చిన ఇంగ్లీషు అది. కొట్లాట ఇంగ్లీషు.

"ఏకాదశి నాడు కూడా తొండేనా అవ్వా?" అని ఎగతాళి చేశాను.

"నేను చేస్తానా? ఆ గొడుగమ్మ చేస్తాది. దానికి ఏకాదశి లేదు" అంది.

తర్వాత అసలు విషయం చెప్పింది. "మా ఇంట్లో కన్నడమే కదప్పా. బడికి పోయిన మొదటి రోజు అయ్యవారు తెలుగులో ఏమో అడిగినాడు. నాకేం తెలుసు? తలకాయ ఊపినా. అందరూ నవ్వినారు. మళ్ళా శానా దినాలు తలకాయ కూడా ఊపలే. బడి ఇడిసినాక మగ్గాలోళ్ళ పిల్లలతో గచ్చకాయలు ఆడేదాన్ని. ఒకనాడు ఒక పిల్ల నా కాయ నొక్కేసింది. నాకు కోపమొచ్చింది చూడు! 'తొండి! నువ్వు తొండి ఆడినావు!' అని అరిచినా. అదే నా మొదటి తెలుగు మాట. యాడ నేర్చుకున్న్యానో నాకే తెల్లే. ఏ భాషైనా అంతేప్పా. తొండి అని కొట్లాడినావంటే వచ్చినట్లే."

నా విద్యార్థులు వానాకాలం మీద ఇంగ్లీషు వ్యాసం కంఠతా పట్టి రాస్తారు. బస్సులో కిటికీ వేయమని పక్కవాడికి ఇంగ్లీషులో చెప్పమంటే నీళ్ళు నములుతారు. వాళ్ళతో ఎవరూ తొండి ఆడలేదు, అదే లోపం అనిపించింది.

అవ్వ వేషం వల్ల వీధిలో నవ్వులాటలు కూడా జరిగాయి. ఒకసారి గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి "ఓటీపీ సెప్పవ్వా" అని అడిగాడు. గొడుగు తెరిచి ఉంది. "గుడ్ ఈవినింగ్! వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంది. వాడు మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ పేరే అడిగింది. వాడు కంగారుగా మా ఇంట్లోకి వచ్చి, "సార్, అవ్వకు ఎండదెబ్బ కొట్టినట్టుంది, జర సూడండి" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా పిల్లలే వాడి చెయ్యి పట్టి లాక్కుపోయి, "గొడుగు మూయి మామా, అప్పుడు పలుకుతాది" అన్నారు. వాడు భయభయంగా వెళ్ళి గొడుగు మూశాడు. "అయ్యో, ఇంతసేపు ఎండలో నిలబెట్టినానా నాయనా! మజ్జిగ తాగిపో" అంది అవ్వ. ఆ తర్వాత పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు, ఎవరు వచ్చినా ముందు గొడుగు మూసి తర్వాత మాట్లాడటం మా వీధికి అలవాటైంది.

తుగ్గలి వైపు నుంచి వచ్చి వీధి చివర గుడిసెలో ఉండే కూలీల కుటుంబం ఒకటుంది. ఏటా సుగ్గికని, కోతల కాలంలో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. వాళ్ళ కూతురు ఒక ఏడు తిరిగి రాగానే సంచి కూడా దించకుండా అవ్వ దగ్గరికి పరుగెత్తింది. "అవ్వా, ఆడ మాకు గొడుగు లేదు. అమ్మ తువాల నెత్తిన కప్పుకోని నేనే గొడుగమ్మ అయినా. చేన్లో పిల్లోళ్ళందరితో ఆడినా" అంది. అవ్వ ఆ రోజంతా వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ ఆ ముచ్చటే చెప్పింది. ఉద్యోగంలో ఉండగా సన్మానం జరిగినప్పుడు కూడా ఇంత సంతోషపడలేదట.

మా పాప ఇదంతా మా మెట్ల మీద కూర్చుని చూసేది. అవ్వ ఒక్కసారి కూడా దాన్ని పిలవలేదు. చూపు కూడా అటు తిప్పేది కాదు. నాకు కోపం వచ్చింది. "ఊరి పిల్లలందరినీ పిలుస్తావు. మా పాపను ఒక్కమాట పిలిస్తే నీ సొమ్మేం పోతుందవ్వా?" అని అడిగేశాను.

"పిలిస్తే దానికి జవాబు చెప్పాల్సొస్తాది కదప్పా. ఇప్పటికే అందరూ అడిగి అడిగి ఉన్నారు. నేనన్నా ఊరికే ఉంటా" అంది.

కొన్నాళ్ళకు పాప మెట్లు దిగింది. ఇంకొన్నాళ్ళకు వీధి దాటింది. ఒకరోజు అరుగెక్కి పీటకు అవతల కూర్చుంది. అవ్వ ఏమీ అనకుండా గింజలు పంచి ఆట మొదలుపెట్టింది. గొడుగు కింద ఇద్దరూ నోరు విప్పకుండా ఆడుకునేవాళ్ళు. అవ్వ పాపతో మాత్రం తొండి చేసేది కాదు. దానికి మిగతా పిల్లలు అలిగారు కూడా.

ఒక సాయంత్రం నేను బస్సు దిగి సందు మలుపు తిరిగాను. "నో!" అని ఒక అరుపు వినబడింది. ఎవరి గొంతో పోల్చుకోలేకపోయాను. "నో! మైన్! గివ్ మీ!" అని మళ్ళీ వినబడింది. ఆ వెంటనే కట్ట తెగినట్లు తెలుగు: "తొండి! గెలిచేది నేను! నా గింజలు నొక్కేసింది! నాన్నా, నాన్నా, అవ్వ తొండి నాన్నా!"

పాప అరుగు మీద నిలబడి ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది. అవ్వ పిడికిలి బిగించి గొడుగు ఊచల వంక చూస్తోంది. చేతిలో ఉన్న సంచి ఎప్పుడు జారిందో నాకు తెలియదు. అవ్వ నెమ్మదిగా పిడికిలి విప్పి, "సారీ, సారీ. దీజ్ ఆర్ యువర్స్" అని గింజలు పాప గుంటలో పోసింది. తర్వాత గొడుగు మూసింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ మాట మాత్రం ఎప్పటిదే. "ఏమప్పా, గుడ్లప్పగించి చూస్తాండావు? బిడ్డ పిలుస్తాంటే పలకవా?" అంది.

పలికాను. ఆ రోజు నుంచి పాప ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు పలుకుతూనే ఉన్నాను. ఈ లోకంలో నేను ఎవరికైనా చెయ్యెత్తి మొక్కాలంటే మొదట ఆ పిడికిలికే మొక్కుతాను.

అందుకే ఆమె పోయాక పాప నోరు మూతపడేసరికి మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తొండి ఆడి మాట లాగడానికి ఈసారి ఎవరున్నారు? పన్నెండో రోజు కర్మకు పాపను కూడా తీసుకుని మంత్రాలయం వైపు వెళ్ళాం.

అవ్వ తమ్ముడు గుడిలో సేవ చేసే మనిషి, అక్క పోలికే. లోపల దానాలు నడుస్తున్నాయి. చెంబు, చాప, దీపం, చెప్పులు ఒక్కొక్కటీ ఇస్తున్నారు. పురోహితుడు "ఛత్రం" అన్నాడు. గొడుగు తేవడం మరిచిపోయినట్లున్నారు, అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. పోయినవాళ్ళకు దారిలో ఎండ తగలకూడదని గొడుగు దానమిస్తారు, అది తప్పనిసరి. ఆ తమ్ముడు గోడ వైపు చూశాడు. కొక్కేనికి అవ్వ నల్ల గొడుగు వేలాడుతోంది. "అక్కదే ఉంది కదా, గట్టి గొడుగు. అదే ఇచ్చేద్దాం. తనదే తనకు పోతుంది" అని లేచి దాన్ని తీశాడు.

"అది వద్దు తాతా!"

అందరం వెనక్కి తిరిగాం. పాప గడపలో నిలబడి ఉంది.

"అది ఇయ్యద్దు. దాని కింద ఉంటే అవ్వకు తెలుగు రాదు. కన్నడం కూడా రాదు. దారిలో ఎవరినన్నా ఏమన్నా అడగాలంటే ఎట్లా అడుగుతుంది?" అంది. అన్నాళ్ళుగా ఆగిన ఏడుపు అప్పుడు వచ్చింది దానికి.

పురోహితుడు మంత్రం ఆపేశాడు. ఆ తమ్ముడు గొడుగు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "నిజమే తల్లీ. మా అక్కను ఎంత తిప్పలు పెట్టబోయినానో చూడు" అన్నాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. ఆటో పట్టుకుని మంత్రాలయం బజారుకు పోయి, కొత్త గొడుగు కొని తెచ్చాను. ఎర్ర పువ్వులది, అదొక్కటే దొరికింది. పాప దాన్ని ఒకసారి తెరిచి చూసి, మూసి, "ఇది ఇయ్యండి" అంది. పాతది ఆ తమ్ముడు పాప చేతిలో పెట్టి, ఇంట్లో ఉన్న వామనగుంటల పీట కూడా తీసుకోమని తాళంచెవి నాకిచ్చాడు. తిరుగు ప్రయాణంలో పాప దారంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ జవాబులు చెప్పింది.

నిన్న సాయంత్రం బస్సు దిగి సందు మలుపు తిరిగాను. తాళం వేసిన ఎదురింటి అరుగు మీద నల్ల గొడుగు తెరిచి ఉంది. చుట్టూ చిన్న పిల్లలు. గొడుగు కింద నుంచి మా పాప కాళ్ళు కనిపిస్తున్నాయి. పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. అప్పుడూ పలకలేదు. గబగబా అరుగు దగ్గరికి నడిచాను.

దర్జీ ఇంటి చిట్టిపిల్ల నా వైపు చిరాకుగా తిరిగింది. "గొడుగు తెరిచింది కద సార్! పేరు పెట్టి పిలవగూడదు" అని గదమాయించింది.

గొడుగు కొంచెం పైకి లేచింది. "గుడ్ ఈవినింగ్! వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని మా పాప నన్ను అడిగింది.

నా పేరు చెప్పుకుని అరుగు అంచున కూర్చున్నాను. పీట మీద ఆట సాగుతోంది. చిట్టిపిల్ల నా వైపు తిరిగి ఉన్న ఆ కాస్త సందులోనే దాని గుంట ఖాళీ అయినట్లుంది. అది పీట వైపు చూసి, ఒక్క క్షణం బిత్తరపోయి, పిడికిళ్ళు బిగించి "నో! నో! మై టర్న్!" అని వీధి అదిరిపోయేట్లు అరిచింది. మా పాప మాత్రం పిడికిలి బిగించుకుని, ఏమీ ఎరగనట్లు, తల పైకెత్తి గొడుగు ఊచల వంక చూస్తోంది.